మైదానం గేటు తెరవండి: తెల్లవారుజామున పరిగెత్తే సామాన్యుల బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల పురపాలక కమిషనర్లకు, జిల్లా క్రీడాధికారులకు, ప్రభుత్వ కళాశాలల, ఉన్నత పాఠశాలల ప్రధానాచార్యులకు

గౌరవనీయులైన అధికారులారా,

నమస్కారం. మేము ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కళాశాల మైదానంలో తెల్లవారుజామున పరిగెత్తే మనుషులం. మాకు రిజిస్టరైన సంఘం లేదు, అధ్యక్షుడూ కార్యదర్శీ లేరు, బ్యానరు కూడా లేదు. గత వేసవిలో ఆ మైదానం గేటుకు తాళం పడింది. వస్తు ప్రదర్శన కోసమని మొదట చెప్పారు. ప్రదర్శన ముగిసి షామియానాలు ఎత్తేశాక, నేల చదును చేసేదాకా ఆగమన్నారు. ఆ తరువాత, మైదానం నిర్వహణను ఒక ప్రైవేటు గుత్తేదారుకు అప్పగించే ప్రతిపాదన ఉందని, నెలసరి రుసుము ఎంతో తేలేవరకు ఎవరినీ లోపలికి రానివ్వవద్దని పైనుంచి ఆదేశాలు వచ్చాయని వాచ్‌మన్ చెప్పాడు. ఆ ఆదేశాల ప్రతి చూపించమని అడిగితే అది ఎవరి దగ్గరా లేదు.

సోమవారం అర్జీల రోజున వినతిపత్రాలు ఇచ్చాం. రసీదులు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. పురపాలక సంఘంవారు స్థలం విద్యాశాఖదన్నారు, కళాశాలవారు నిర్ణయం క్రీడా విభాగానిదన్నారు, క్రీడా విభాగంవారు ఆ మైదానం తమ జాబితాలోనే లేదన్నారు. మూడు కార్యాలయాల మధ్య తిరగడంతో మాకు వ్యాయామమైతే దొరికింది గానీ జవాబు దొరకలేదు. అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాం. ఊరి పేరు, కార్యాలయాల పేర్లు కావాలనే రాయడం లేదు. ఒకరిద్దరు అధికారులను బోనులో నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. పొరుగు జిల్లాల్లో ఉద్యోగాలు చేస్తున్న మా పిల్లలను, బంధువులను అడిగితే, చాలాచోట్ల ప్రభుత్వ మైదానం పరిస్థితి ఇంతేనని, తాళం చెవి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల దయ మీదే నడుస్తున్నదని చెప్పారు.

మేము తిరిగిన ప్రతి కార్యాలయంలోనూ ఎవరో ఒకరు అడిగిన ప్రశ్న ఒకటుంది: పరిగెత్తడానికి మైదానమే కావాలా, రోడ్డు మీద పరిగెత్తుకోకూడదా? అడిగినవాళ్లు వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగారు. కాబట్టి కోరికలు చెప్పే ముందు, ఆ మైదానంలో పొద్దున్నే ఏం జరిగేదో, అది ఆగిపోతే ఎవరు ఏం పోగొట్టుకుంటున్నారో వివరంగా రాస్తున్నాం.

పరుగు అంటే మీకు పతకాలు, ఛాతీకి అంటించుకున్న నంబర్లు, ముగింపు గీత దగ్గర తగిలే రిబ్బను గుర్తుకు రావచ్చు. మా మైదానంలో కనిపించేది అది కాదు. నాలుగున్నరకల్లా ఆర్టీసీలో పదవీ విరమణ చేసిన డ్రైవర్లు, పాలు పోసి వచ్చినవాళ్లు, కూరగాయల మార్కెట్‌లో కాటా తెరవక ముందు ఒక గంట దొరికే చిల్లర వ్యాపారులు, చుడీదార్ల మీద కాన్వాసు బూట్లు వేసుకున్న గృహిణులు, పోలీసు ఉద్యోగానికి సిద్ధమయ్యే పిల్లలు వచ్చేవారు. సున్నంతో గీసిన గీతల వెంట ఒక్కొక్కరు ఒక్కో వేగంతో రౌండ్లు కొట్టేవారు. ఎవరూ ఎవరితోనూ పోటీ పడేవారు కారు, కుర్రాళ్లు తప్ప. రెండు రౌండ్లకే ఆయాసపడి కూర్చున్నవారిని, పక్కనుంచి వెళ్తున్న పెద్దాయన ఎవరో "ఇంకొక్కటి, నాతో మెల్లగా రా తమ్ముడూ" అని లేపి తీసుకుపోయేవాడు. ఆ తమ్ముడి పేరు ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు.

వ్యాయామం ఏ తీవ్రతతో చేయాలో చెప్పేటప్పుడు వైద్యులు ఒక సులువైన గుర్తు చెబుతారు: చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మధ్యస్థాయి శ్రమకు కొలత. మాకు ఇందులో ఒక అదృష్టం కనిపించింది. శరీరానికి మేలుచేసే వేగమూ, పక్కమనిషితో కబురు చెప్పుకోగలిగే వేగమూ ఒకటే కావడం వల్ల, ఆరోగ్యం కోసం వచ్చినవాళ్లకు స్నేహం అడగకుండానే దొరికింది. పైగా పక్కపక్కన పరిగెత్తేటప్పుడు ఒకరి మొహం ఒకరికి కనిపించదు. ఎదురుగా కూర్చుంటే గొంతు దాటని మాటలు, పోయిన మనిషి గురించి, కట్టలేని వడ్డీ గురించి, దారితప్పిన కొడుకు గురించి, నాలుగో రౌండులో వాటంతట అవే బయటికి వచ్చేవి. వినేవాళ్లు సలహాలు పెద్దగా ఇచ్చేవారు కారు. ఆయాసంలో ఉన్నవాడు ఉపన్యాసం ఇవ్వలేడు కదా.

తాళం పడ్డాక జరిగిన నష్టం ఇది:

1. మనసు గాయపడ్డవాళ్లకు ఉన్న ఒక్క ఆసరా పోయింది. భర్త పోయిన ఏడాదిలో ఇల్లు కదలని ఒక కుట్టుపనివారిని చెల్లెలు బలవంతాన మైదానానికి తీసుకొచ్చింది. మొదట గ్యాలరీ మెట్ల మీద కూర్చునేవారు, తరువాత నడిచారు, ఆ తరువాత పరిగెత్తారు. "పొద్దున్నే ఒళ్లు అలిసిపోతే రాత్రి నిద్ర పడుతోందన్నా" అని ఆమె చెప్పిన మాట మాకు ఏ వైద్య గ్రంథం కంటే ఎక్కువ అర్థమైంది. తాగుడు మానడానికి తంటాలు పడుతున్న ఇద్దరు సాయంత్రం మందుషాపుకు వెళ్లే వేళకు మైదానంలో ఉండేలా తమ దినచర్యను మార్చుకున్నారు. ఇప్పుడు ఆ వేళకు వాళ్లు ఎక్కడుంటున్నారో అడగడానికి మాకు ధైర్యం చాలడం లేదు.

ఇది మా ఊరివాళ్ల అనుభవం మాత్రమే కాదు. జలంధర్ దగ్గరి బియాస్ పిండ్‌కు చెందిన ఫౌజా సింగ్ 1992లో భార్యను, 1994లో కొడుకును పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంలోంచి బయటపడటానికే ఆయన పరుగును పట్టుకున్నారు. 2000లో, 89 ఏళ్ల వయసులో, లండన్ మారథాన్ 42.195 కిలోమీటర్లు పూర్తిచేశారు. 2011లో, పాస్‌పోర్టు ప్రకారం వందేళ్లు నిండాక, టొరంటోలో మరో మారథాన్ ముగించారు. పుట్టిన తేదీ పత్రం లేదని గిన్నిస్‌వారు ఆ రికార్డును గుర్తించలేదు. మన ఆఫీసులే కాదు, వాళ్లూ కాగితమే అడుగుతారన్నమాట.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, 50 ఏళ్లు దాటిన 156 మంది డిప్రెషన్ రోగులను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు మందు, ఒక గుంపుకు వారానికి మూడుసార్లు పర్యవేక్షణలో నడక, జాగింగ్ వంటి వ్యాయామం, మరో గుంపుకు రెండూ ఇచ్చారు. మందు తీసుకున్నవారిలో మార్పు ముందుగా కనిపించినా, 16 వారాలు గడిచేసరికి మూడు గుంపులూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. మందులు మానేసి పరిగెత్తమని మేము ఎవరికీ చెప్పడం లేదు, చెప్పకూడదు కూడా. మందు వాడుతూ మాతో పరిగెత్తినవాళ్లూ ఉన్నారు. కానీ బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. సమస్యను బట్టి, చికిత్స అందనివాళ్లు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. మానసిక వైద్యుణ్ణి చూడాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, "పిచ్చి డాక్టరు దగ్గరికి పోయాడట" అన్న మాట, ఇన్ని దాటాల్సిన చోట, డబ్బు అడగని, పేరు రాయించుకోని ఒక మైదానానికి తాళం వేయడం చిన్న విషయం ఎలా అవుతుంది?

2. షుగరు, బీపీ ఉన్నవాళ్లు మళ్లీ ఇళ్లకు అతుక్కుపోయారు. 2023లో వెలువడిన, భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి మధుమేహం ఉందని, పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉందని తేల్చింది. కండరం కదులుతున్నప్పుడు రక్తంలోని చక్కెరను నేరుగా వాడుకుంటుంది, ఆ ప్రభావం వ్యాయామం ఆగాక కూడా కొన్ని గంటలు నిలుస్తుంది. అందుకే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యులు చీటీ మీద మందులతోపాటు నడక కూడా రాస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి శ్రమ గానీ, 75 నిమిషాల గట్టి శ్రమ గానీ అవసరం. ఒక ప్రభుత్వ విభాగం రాసిచ్చే ఈ మందుకు మరో ప్రభుత్వ విభాగం తాళం వేస్తున్నది.

3. అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఆడవాళ్లు. మగవాళ్లలో కొందరు బైపాస్ రోడ్డుకు, కొందరు చెరువు కట్టకు వెళ్తున్నారు. ఆడవాళ్లలో చాలామంది అసలు బయటికి రావడమే మానేశారు. చీకటి రోడ్డు మీద ఒంటరిగా పరిగెత్తే ఆడమనిషి వెంట కుక్కలు పడతాయి, కుక్కల కంటే హీనమైన మనుషులూ పడతారు. మైదానంలో ప్రహరీ గోడ ఉంది, దీపాలున్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా తెలిసిన మొహాలున్నాయి. ఆ ధైర్యంతోనే అత్తమామల అనుమతి సంపాదించినవాళ్లున్నారు. ఆ అనుమతి ఒకసారి పోతే మళ్లీ దొరకదు. 2024లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం, 2022 నాటికి భారతదేశంలో మగవాళ్లలో 42 శాతం, మహిళల్లో 57 శాతం తగినంత శారీరక శ్రమ లేకుండా ఉన్నారు. ఈ తేడాను ఆడవాళ్ల బద్ధకం కింద రాసుకునేవాళ్లు ఒక్కసారి మా బైపాస్ రోడ్డు మీద ఉదయం అయిదింటికి నిలబడి చూడాలి. తమ కోసమంటూ రోజులో ఒక గంట గడపడం, చెమట పట్టేదాకా పరిగెత్తి, నలుగురితో కలిసి గట్టిగా నవ్వడం మా అక్కాచెల్లెళ్లలో చాలామందికి బడి రోజుల తరువాత ఆ మైదానంలోనే మళ్లీ దొరికింది. దాన్ని ఆరోగ్యం పేరుతో మాత్రమే సమర్థించుకోవాల్సిన అవసరం లేదని మా అభిప్రాయం. సంతోషం కూడా అడగదగిన హక్కే.

4. ఈవెంట్స్‌కు, అంటే పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు, సిద్ధమయ్యే పిల్లలు దిక్కులేనివాళ్లయ్యారు. తెలంగాణలో 2022లో ప్రకటించిన పోలీసు నియామకాల్లో అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాల్సి వచ్చింది. కొలిచిన ట్రాక్ లేకుండా ఈ సమయాలను సాధన చేయడం కుదరదు. డబ్బున్నవాళ్లు పెద్ద నగరాల్లో కోచింగ్‌లకు పోతారు. కూలివాళ్ల పిల్లలకు ఈ మైదానమూ, స్టాప్‌వాచ్ పట్టుకుని జీతం లేకుండా నిలబడే ఒక రిటైర్డు పీఈటీ సారూ తప్ప మరేమీ లేదు. ఇప్పుడు సారు కాలవగట్టు మీద అడుగులు లెక్కపెట్టి దూరం కొలుస్తున్నారు.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి గురించి మీ అందరికీ తెలుసు. మేధోవైకల్యంతో పుట్టిన ఆ అమ్మాయిని ఊళ్లో కొందరు గేలిచేశారు, తల్లిదండ్రులను మాటలతో కుళ్లబొడిచారు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో మేధోవైకల్యం ఉన్నవారికి కేటాయించిన 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పతకం వచ్చాక పూలదండలు వేయడానికి మనలో అందరం ముందుంటాం. ఆమెకు ముందుగా కావలసి వచ్చింది పరిగెత్తనిచ్చే స్థలమూ, గేలిచేయకుండా చూసే నలుగురు మనుషులూ. అలాంటి మరో పిల్ల మా ఊళ్లో ఉండి ఉంటే, ఈ ఏడాది ఆమె గేటు బయటే నిలబడి ఉంటుంది.

5. రోడ్డు మీద పరిగెత్తకూడదా అన్న ప్రశ్నకు జవాబు. కేంద్ర రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది కాలినడకన ఉన్నవాళ్లు. 2023 జూలైలో హైదరాబాద్ శివారు బండ్లగూడ దగ్గర ఉదయపు నడకకు బయలుదేరిన తల్లీకూతుళ్లు కారు ఢీకొని చనిపోయారు. నాలుగున్నర గంటల వేళ రోడ్డు మీద ఉండే డ్రైవర్లలో రాత్రంతా నిద్రలేనివాళ్లు ఎక్కువ. ఇంతకుముందు చెప్పిన ఫౌజా సింగ్, మారథాన్లు చేయలేని పని లారీలూ కార్లూ చేస్తాయనడానికి నిదర్శనంగా, 2025 జూలై 14న 114 ఏళ్ల వయసులో సొంత ఊరి దగ్గర రోడ్డు మీద వాహనం ఢీకొని కన్నుమూశారు. మా బృందంలోనూ ఒకరికి బైపాస్ మీద బైకు తగిలి కాలు విరిగింది. ఆయన మళ్లీ పరిగెత్తగలరో లేదో వైద్యులు ఇంకా చెప్పలేదు.

ఇక మీవైపు నుంచి వినిపించిన అభ్యంతరాలు. వాటిలో కొన్ని నిజమైనవే. వాటిని కొట్టిపారేయడం మా పద్ధతి కాదు. గేటు తెరిచి ఉంచితే రాత్రిపూట మందుబాబులు చేరతారని, సీసాలు పగలగొడతారని ప్రిన్సిపాల్ గారు అన్నారు. అది నిజం. అయితే సీసాలు పగిలింది అర్ధరాత్రి, తాళం పడి ఉన్న వేళల్లోనే. గోడ దూకేవాడికి తాళం అడ్డం కాదు. తెల్లవారుజామున వచ్చి ఆ గాజుపెంకులు ఏరింది మేమే. మనుషులు మసలే మైదానం కంటే మనుషులు లేని మైదానమే పాడవుతుంది.

నిర్వహణకు డబ్బు కావాలి కాబట్టి రుసుము తప్పదన్నది రెండో అభ్యంతరం. మట్టి ట్రాక్‌కు కావలసింది అప్పుడప్పుడు రోలరు, వేసవిలో నీళ్లు, నెలకోసారి సున్నం, పల్లేరు మొక్కలు పీకే చేతులు. చేతులు మావి. మిగిలినవాటి ఖర్చు ఒక బహిరంగ సభకు వేసే బారికేడ్ల ఖర్చులో ఎన్నో వంతు ఉంటుందో మీ ఇంజనీర్లే లెక్కవేసి చెప్పాలి. నెలకు రెండు మూడు వందలు ఇచ్చుకోలేరా అని కూడా అడిగారు. మాలో కొందరం ఇచ్చుకోగలం. ఇచ్చుకోలేనివాళ్లు మాత్రం ఆ మాట బయటికి చెప్పరు, రావడం మానేస్తారు. కూలిపనివాళ్లు, వితంతువులు, చదువుకునే పిల్లలు నిశ్శబ్దంగా తగ్గిపోయి, ఆరు నెలల తరువాత ఆ ట్రాక్ మీద ఒకే రకం బూట్లు వేసుకున్న ఒకే రకం మనుషులు మిగులుతారు. అప్పుడు అది పరుగే అవుతుంది గానీ మేము చెబుతున్న మైదానం కాదు.

రుసుము విషయంలో ఇంగ్లండ్ అనుభవం ఒకటి ఉంది. అక్కడ 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో పార్క్‌రన్ అనే ఉచిత పరుగు మొదలైంది. గాయంతో పరిగెత్తలేకపోతున్న ఒక పరుగుమనిషి, పాల్ సింటన్-హ్యూయిట్, స్నేహితులకు దూరం కాకూడదని దాన్ని మొదలుపెట్టాడు. ప్రతి శనివారం ఉదయం అయిదు కిలోమీటర్లు. పరిగెత్తవచ్చు, నడవవచ్చు, పక్కన నిలబడి సమయాలు రాసుకోవచ్చు. అది పలు దేశాలకు పాకింది. 2018 నుంచి బ్రిటన్‌లో సాధారణ వైద్యుల సంస్థ దానితో చేతులు కలిపి, రోగులను మందులతోపాటు అక్కడికి కూడా పంపమని వైద్యశాలలను ప్రోత్సహిస్తున్నది. అదే దేశంలో, 2016లో, బ్రిస్టల్ దగ్గరి స్టోక్ గిఫర్డ్ స్థానిక మండలి తమ పార్కు దారులు అరిగిపోతున్నాయని ఈ పరుగుకు రుసుము పెట్టాలని తీర్మానించింది. నిర్వాహకులు ఉచితం అన్న నియమాన్ని వదులుకోలేక అక్కడ పరుగునే ఆపేశారు. మండలికి రుసుమూ రాలేదు, జనానికి పరుగూ మిగల్లేదు.

మన దేశంలోనే మరో ఉదాహరణ. 2022 మేలో ఢిల్లీలోని త్యాగరాజ్ స్టేడియంలో ఒక ఉన్నతాధికారి తన కుక్కతో షికారు చేయడానికి వీలుగా సాయంత్రం ఏడింటికల్లా క్రీడాకారులను బయటికి పంపుతున్నారని పత్రికలు రాశాయి. వార్త వచ్చిన వెంటనే అక్కడి ప్రభుత్వం తన అధీనంలోని క్రీడా ప్రాంగణాలన్నీ రాత్రి పదింటిదాకా తెరిచి ఉంచాలని ఆదేశించింది. అంటే కావలసింది కొత్త చట్టమూ కాదు, కోట్ల నిధులూ కాదు, ఒక్క ఉత్తర్వు. విశాఖపట్నంలో బీచ్ రోడ్డును ఏళ్లుగా తెల్లవారుజామున వాహనాలకు మూసి, నడిచేవాళ్లకూ పరిగెత్తేవాళ్లకూ వదులుతున్నారు. కొలంబియా రాజధాని బొగోటాలో 1974లో మొదలైన ఏర్పాటు ప్రకారం, ఆదివారాలూ సెలవు రోజులూ ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా నూరు కిలోమీటర్లకు మించిన రోడ్లను మనుషులకు అప్పగిస్తారు.

హైదరాబాద్‌లో ఏటా ఆగస్టులో జరిగే మారథాన్‌కు వేలమంది వస్తారు, ఆ ఉదయం పోలీసులు రోడ్లు ఆపి సహకరిస్తారు. మాలో ఇద్దరు ముగ్గురు వెళ్లివచ్చారు, సంతోషించారు. అయినా ఒక మాట అనక తప్పదు. ఏడాదిలో ఒక్క ఉదయం జెండా ఊపడానికి మంత్రులూ కలెక్టర్లూ వస్తున్న పరుగుకు, మిగిలిన ఉదయాల్లో గేటు తాళం తీసేవాడు దొరకడం లేదు.

మా కోరికలు ఇవి. ఇవి మా ఒక్క ఊరికే కాదు, ప్రతి పట్టణానికీ వర్తింపజేయాలని కోరుతున్నాం.

1. ప్రభుత్వ కళాశాలల, ఉన్నత పాఠశాలల, పురపాలక సంఘాల మైదానాలను ప్రతిరోజూ ఉదయం నాలుగున్నర నుంచి ఎనిమిది వరకు, సాయంత్రం తరగతులు ముగిశాక రాత్రి తొమ్మిది వరకు ప్రజలకు ఉచితంగా తెరిచి ఉంచాలి. ఆ వేళలనూ, తాళానికి బాధ్యుడైన అధికారి హోదానూ, ఫోను నంబరునూ గేటు మీద బోర్డు కట్టాలి. పరీక్షల రోజుల్లో మూయవలసి వస్తే ముందుగా అదే బోర్డు మీద రాస్తే చాలు.

2. మైదానాన్ని ఏ గుత్తేదారుకైనా అప్పగిస్తే, ఉచిత వేళల షరతు ఒప్పందంలోనే ఉండాలి. ఇప్పటికే చేసిన ఒప్పందాలుంటే వాటి ప్రతులను బయటపెట్టాలి.

3. ప్రదర్శనలకు, సభలకు, పెళ్లిళ్లకు మైదానం ఇచ్చేటప్పుడు అద్దెతోపాటు పునరుద్ధరణ ధరావతు కట్టించుకోవాలి. గుంతలు పూడ్చి, మేకులూ గాజుపెంకులూ ఏరి, ట్రాక్ చదును చేశాకే ఆ ధరావతు డబ్బును తిరిగి ఇవ్వాలి. మా మైదానంలో షామియానా మేకు దిగి ఒక పదో తరగతి పిల్లవాడి అరికాలు చీలింది. ధనుర్వాతం ఇంజెక్షను ఖర్చు కూడా ఎవరూ ఇవ్వలేదు.

4. ట్రాక్‌ను బాగుచేయడమంటే సిమెంటు ఇటుకలు పరవడం కాదు. అవి మోకాళ్లకు చేటు, వానాకాలం జారుడు, పైగా ఇద్దరు పక్కపక్కన పరిగెత్తడానికి వెడల్పు చాలదు. గట్టిగా తొక్కిన మట్టి ట్రాక్ చాలు. పనులు మొదలుపెట్టే ముందు అక్కడ పరిగెత్తేవాళ్లను ఒక్కసారి అడగండి.

5. మైదానంలో ఆడవాళ్లకు తలుపూ నీళ్లూ ఉన్న మరుగుదొడ్డి, తాగునీరు, నాలుగు మూలలా వెలిగే దీపాలు ఏర్పాటుచేయాలి. తెల్లవారుజామున పోలీసు గస్తీ వాహనం మైదానం మీదుగా ఒకసారి తిరిగి వెళ్లేలా చూడాలి.

6. మైదానమే లేని పట్టణాల్లో, వాహనాల రద్దీ తక్కువగా ఉండే ఒక రోడ్డును ఎంపికచేసి, కనీసం ఆదివారం ఉదయం రెండు మూడు గంటలు పరుగుకూ నడకకూ పిల్లల ఆటలకూ వదలాలి.

7. ప్రతి మైదానానికి ప్రిన్సిపాల్, పురపాలక ఇంజనీరు, వ్యాయామ ఉపాధ్యాయుడు, మైదానాన్ని వాడుకునేవారి నుంచి ఇద్దరు, వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ, ఉండే చిన్న కమిటీ వేయాలి. మూడు కార్యాలయాలు ఒకరిమీద ఒకరు చెప్పుకునే పరిస్థితి దానితోనే పోతుంది.

తాళం తీసి, మూసే పనికి మనిషి కొరత ఉందంటే ఆ బాధ్యత తీసుకోవడానికి మేము రాతపూర్వకంగా ఒప్పుకుంటాం. వంతులవారీగా ఎవరెవరు ఎప్పుడు వస్తారో జాబితా కూడా సిద్ధంగా ఉంది. ఏదైనా వస్తువు పోతే విచారణకు ముందు మమ్మల్నే పిలవండి. వినతిపత్రాల రసీదుల నకళ్లు, మైదానం ప్రస్తుత స్థితి ఫొటోలు ఈ లేఖ ప్రతితోపాటు సంబంధిత కార్యాలయాలకు రిజిస్టరు పోస్టులో పంపిస్తున్నాం. ముప్పై రోజుల్లో, అవుననో కాదనో, కారణాలతో కూడిన లిఖితపూర్వక జవాబు కోరుతున్నాం. జవాబు రాకపోతే మైదానం అప్పగింత ప్రతిపాదన ఫైలు ప్రతి కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తాం.

ఇట్లు,
కళాశాల మైదానంలో తెల్లవారుజామున పరిగెత్తేవాళ్లందరి తరఫున,
లేఖ రాసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు